థైరాయిడ్ డోసు పెంచే ముందు ఇంకో రెండు విషయాలు చూడండి

థైరాయిడ్ మాత్రలు రాసే డాక్టర్లందరికీ,

నమస్కారం.

నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని తేలి 14 ఏళ్లయింది. అందులో మొదటి నాలుగేళ్లు నా డోసు పెరుగుతూనే పోయింది. 50 మైక్రోగ్రాములతో మొదలై 75 అయింది, 100 అయింది, 125 అయింది, చివరికి 150కి చేరింది. అప్పుడు నా బరువు 58 కిలోలు. గ్రంథి పూర్తిగా పని మానేసిన వాళ్లకు కూడా కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు. ఆ లెక్కన నాకు 93 సరిపోవాలి. 150 మింగుతున్నా, థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే నా టీఎస్‌హెచ్ 9 కంటే కిందికి దిగలేదు. రిపోర్టు చూడటం, డోసు పెంచడం, ఆరు వారాలాగి మళ్లీ రమ్మనడం, ఇదే వరస. ఆ నాలుగేళ్లలో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. "ఇంకేం మందులు వాడుతున్నారమ్మా?" అని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని నాకు తెలియదు.

నేను వాడుతున్నది ఐరన్ మాత్ర. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని వెళ్తే హిమోగ్లోబిన్ 8.9 ఉందని లేడీ డాక్టరు రాసిచ్చారు. పరగడుపున వేసుకుంటే బాగా పనిచేస్తుందన్నారు. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కదా. మరిచిపోకుండా ఉండాలని రెండూ ఒకే డబ్బాలో పెట్టుకుని, పొద్దున్నే లేవగానే ఒకే గ్లాసు నీళ్లతో మింగేదాన్ని. నాలుగేళ్లలో నాకు తెలిసి ఒక్క రోజు కూడా తప్పలేదు.

పేగులో ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఐరన్ వెళ్లి, థైరాయిడ్ మాత్రలో ఉండే హార్మోను థైరాక్సిన్‌ని పట్టుకుంటుంది. అలా పట్టుకున్నది రక్తంలోకి సరిగా చేరదు, చాలా భాగం బయటికి పోతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. థైరాయిడ్ మాత్రతో నిలకడగా ఉన్న 14 మందికి ఆ మాత్రతో పాటే 12 వారాలు ఫెర్రస్ సల్ఫేట్ ఇచ్చి చూసిన పరిశోధన 1992లోనే వచ్చింది. వాళ్ల సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కి పెరిగింది. థైరాయిడ్ డోసు అదే, మనుషులు వాళ్లే. రెండు మాత్రల మధ్య కనీసం 4 గంటలు ఎడం ఉండాలన్న మాట మీరు చదివే పుస్తకాల్లో ఉంది, మాత్రలతో వచ్చే మడత కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. మా చేతికిచ్చే చీటీ మీద మాత్రం లేదు. చీటీ మీద థైరాయిడ్ మాత్ర పక్కన "1-0-0", ఐరన్ మాత్ర పక్కన కూడా "1-0-0" అని ఉంటే, రెండూ పొద్దున్నే అనుకోవడం తప్ప రోగికి ఇంకేం తోస్తుంది?

ఇంకొక విషయం ఎక్కడా ఎక్కువగా వినిపించదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నాలుగో డాక్టరు ఇంకేం మందులు వాడుతున్నానో అడిగారు, ఐరన్ రాత్రికి మార్చమన్నారు. ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ 150 డోసు మాత్రం అలాగే ఉంచారు. అప్పటిదాకా నా ఒంట్లోకి చేరుతున్నది అందులో కొంత భాగమే. ఎడం పాటించడం మొదలుపెట్టాక దాదాపు మొత్తం చేరడం మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి చేతులు వణుకు, రాత్రిళ్లు నిద్ర లేదు, మెట్లు ఎక్కకుండానే గుండె దడ. టెన్షన్ వల్ల అనుకున్నాను. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 0.05. డోసు ఎక్కువైతే గుండె లయ తప్పవచ్చని, ఎముకలు పలచబడతాయని అప్పుడు తెలిసింది. మెల్లగా తగ్గిస్తూ వచ్చి చివరికి 88 దగ్గర ఆగాం. ఇప్పటికీ అదే. అందుకే మీకు నా మొదటి విన్నపం ఇది: ఐరన్‌ని దూరం జరపమని చెప్పిన రోజే, 6 నుంచి 8 వారాల్లో టీఎస్‌హెచ్ టెస్టు కూడా రాయండి. ఐరన్ కొత్తగా మొదలుపెట్టినా, ఆపేసినా అంతే. థైరాక్సిన్ సగం తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి తేడా వెంటనే కనపడదు. కనపడేనాటికి రోగి మీ దగ్గర ఉండరు.

గర్భిణుల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. గర్భం నిలిచిందని తెలియగానే థైరాయిడ్ డోసు 20 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. వారానికి 7 మాత్రల బదులు 9 వేసుకోమని చెప్పే పద్ధతి అందుకే వచ్చింది. సరిగ్గా ఆ నెలల్లోనే ఐరన్ మొదలవుతుంది, కాల్షియం మొదలవుతుంది. కాల్షియం కూడా ఇలాగే థైరాక్సిన్‌ని అడ్డుకుంటుంది. హార్మోను ఎక్కువ కావలసిన రోజుల్లోనే, దానికి అడ్డుపడే రెండు మాత్రలు పక్కకు వచ్చి చేరతాయి. ఒక చీటీ ఒకరు రాస్తారు, ఇంకోటి మరొకరు రాస్తారు. రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇప్పటిదాకా చెప్పింది మాత్ర మాత్రకు అడ్డుపడటం గురించి. ఐరన్ తక్కువగా ఉండటం విడిగా ఇంకో సమస్య. థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేసుకోవడానికి వాడే పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలంటే ఇనుము కావాలి. గ్రంథి ఇంకా కొంత పనిచేస్తున్న వాళ్లలో ఇనుము తగ్గితే ఆ కొంత కూడా మందగిస్తుంది. మరోవైపు థైరాయిడ్ తగ్గితే కొందరిలో నెలసరి రక్తస్రావం పెరుగుతుంది, దాంతో ఇనుము ఇంకా పోతుంది. నాకు జరిగింది ఇదే అనుకుంటాను. దీన్ని రెండు వైపుల నుంచీ సరిచేయాలి.

పైగా రెండింటి లక్షణాలూ దాదాపు ఒకటే. నీరసం, జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం, నడిస్తే ఆయాసం. టీఎస్‌హెచ్ 2 ఉన్నా "ఇంకా నీరసంగానే ఉంది డాక్టర్" అంటే, కొందరు మా మాట నమ్మి డోసు కొంచెం పెంచుతారు. మా మాట నమ్మినందుకు సంతోషమే. కానీ ఆ నీరసం రక్తం లేకపోవడం వల్ల అయితే, ఆ పెంచడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. రక్తం తక్కువగా ఉన్న మనిషి గుండె అప్పటికే వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. దానికి థైరాక్సిన్ తోడైతే ఇంకా పరుగెత్తుతుంది. థైరాయిడ్ మాత్ర పడక గుండె దడతో, స్థిమితం లేకుండా బాధపడిన నలుగురి గురించి 2000లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. నలుగురికీ ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనత ఉంది. ముందు ఐరన్ ఇచ్చి రక్తం పెరిగేలా చేశాక వాళ్లు అదే థైరాయిడ్ మాత్రను ఇబ్బంది లేకుండా వేసుకోగలిగారు. "ఈ మాత్ర నాకు పడటం లేదు" అని ఎవరైనా అంటే, దాన్ని భయంగానో సాకుగానో కొట్టిపారేయకండి. ఒకసారి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెర్రిటిన్ చూడండి.

ఫెర్రిటిన్ అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, హిమోగ్లోబిన్ 12 దాటగానే "రక్తం బాగానే ఉంది" అని పంపించేస్తారు. నిల్వలు ఖాళీ అయినా కొన్నాళ్లపాటు హిమోగ్లోబిన్ నిలబడే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఫెర్రిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాములకన్నా తక్కువైతే ఐరన్ లోపం కిందే లెక్కని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే ఫెర్రిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది కాబట్టి అప్పుడు 70ని హద్దుగా పెట్టుకోమంటోంది. ల్యాబ్ కాగితం మీద ఎర్ర అక్షరాలు లేనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదని నాకు చెప్పింది కూడా ఆ నాలుగో డాక్టరే.

ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా వెతకండి. థైరాయిడ్ మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేసే వాళ్లలో కొందరికి, అదే దాడి కడుపు గోడ మీద కూడా జరుగుతుంది. అప్పుడు కడుపులో ఆమ్లం తగ్గుతుంది. ఐరన్ ఎక్కదు, బీ12 ఎక్కదు, థైరాయిడ్ మాత్ర కూడా సరిగా ఎక్కదు. గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బులోనూ అంతే. డోసు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ కదలకపోతే, మాత్ర మానేస్తున్నారని రోగిని అనుమానించే ముందు ఇవి గుర్తు చేసుకోండి. నన్ను ఒకరు అలా అనుమానించారు. ఆ మాట ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

రోజు విడిచి రోజు ఐరన్ ఇవ్వడం గురించి కూడా ఒక మాట. ఒక మాత్ర వేసుకున్నాక, ఐరన్ ఒంటికి చేరకుండా అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, మరునాడు వేసుకున్న మాత్రలో ఒంటికి చేరే వాటా తగ్గిపోతుందని, రోజు విడిచి రోజు ఇస్తే ఆ వాటా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. థైరాయిడ్ ఉన్న వాళ్లకు ఇది ఇంకా సులువు, మాత్రల మధ్య తగువు సగానికి తగ్గుతుంది. అందరికీ ఇది కుదరకపోవచ్చు, నిర్ణయం మీదే. ఆలోచించి చూడమని మాత్రమే అడుగుతున్నాను.

ఇక మా చెల్లి సంగతి. నిజానికి ఈ ఉత్తరం రాయడానికి కారణం తనే.

మూడేళ్ల కిందట తనకు విపరీతమైన నీరసం పట్టుకుంది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. అన్నం సహించేది కాదు. నాలుగు నెలల్లో 7 కిలోలు తగ్గింది. ఉప్పు మాత్రం డబ్బాలోంచి తీసుకుని ఉత్తదే నోట్లో వేసుకునేది. ఎండలోకి వెళ్లకపోయినా మనిషి నల్లబడింది. టెస్టులో టీఎస్‌హెచ్ 8.4 వచ్చింది. "మీ అక్కకి ఉంది కదమ్మా, నీకూ వచ్చింది" అని 50 మైక్రోగ్రాములు రాశారు. మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, కారణం దొరికిందని. రోజూ పొద్దున్నే గుర్తు చేసి మరీ తనచేత మాత్ర వేయించింది నేనే.

మూడో వారంలో వాంతులు మొదలయ్యాయి. ఆ ఆదివారం తెల్లవారుజామున పిలిస్తే పలకలేదు. క్యాజువాలిటీకి తీసుకెళ్లేసరికి బీపీ 70/40. సోడియం బాగా పడిపోయి 118. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ తన పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది, అరచేతి గీతలు చూసింది. రెండూ నల్లగా ఉన్నాయి. "ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాయి?" అని అడిగింది. ఏం చెప్పను, నేను ఏనాడూ చూడలేదు. రక్తం తీసి పంపి, ఆ రిపోర్టు కోసం ఆగకుండా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించింది. సాయంత్రానికి చెల్లి కళ్లు తెరిచి "అక్కా, మంచినీళ్లు" అంది.

అది అడిసన్ జబ్బు. థామస్ అడిసన్ దాన్ని 1855లోనే వర్ణించారు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, ప్రాణం నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేయలేని స్థితి. ఉన్న కాసింత కార్టిసాల్‌తో మా చెల్లి ఎలాగో నెట్టుకొస్తోంది. థైరాక్సిన్ ఒంట్లోకి వెళ్తే కార్టిసాల్ ఖర్చయ్యే వేగం పెరుగుతుంది. ఆరోగ్యవంతుల గ్రంథులు ఆ లోటును భర్తీ చేసుకుంటాయి. తన గ్రంథులకు ఆ శక్తి లేదు. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, కార్టిసాల్ లేకపోవడం వల్లే టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి కనిపించవచ్చట. స్టెరాయిడ్ మొదలుపెట్టిన ఆరు నెలలకు, థైరాయిడ్ మాత్ర లేకుండానే, చెల్లి టీఎస్‌హెచ్ 3.6కి వచ్చింది. అంటే ప్రాణం మీదకు తెచ్చిన ఆ మాత్ర తనకు అప్పట్లో అవసరమే లేదు. అవసరమైన వాళ్లకైనా వరస ఒకటే: ముందు స్టెరాయిడ్, అది కుదురుకున్నాకే థైరాయిడ్ మాత్ర. అప్పటికే హైడ్రోకార్టిసోన్ వాడుతున్న వాళ్లకు థైరాక్సిన్ మొదలుపెట్టినా పెంచినా, హైడ్రోకార్టిసోన్ కూడా సరిచూసుకోవాలి.

ఈ వరస మీకు తెలియదని నేను అనడం లేదు. థైరాయిడ్ బాగా తగ్గి స్పృహ తప్పే మిక్సిడీమా కోమాతో వచ్చిన రోగికి, అడ్రినల్ బాగానే ఉందని తేలేదాకా, థైరాక్సిన్ కన్నా ముందు హైడ్రోకార్టిసోన్ ఇస్తారు. ఐసీయూలో అంత కచ్చితంగా పాటించే నియమం ఓపీలో ఎందుకు గుర్తుకు రాదన్నదే నా బాధ. ఒకే మనిషిలో అడ్రినల్, థైరాయిడ్ రెండూ దెబ్బతినడాన్ని ష్మిట్ 1926లో వర్ణించారు, ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. 1914 డిసెంబరు 25న థైరాక్సిన్‌ని స్ఫటికాలుగా వేరుచేసిన ఎడ్వర్డ్ కెండలే, తర్వాత అడ్రినల్ హార్మోన్ల మీద పనిచేసి కార్టిసోన్‌ని వేరుచేసి 1950లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ రెండు హార్మోన్ల కథనూ ఒకే మనిషి రాశారని చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

థైరాయిడ్ ఉన్న ప్రతి ఒక్కరికీ కార్టిసాల్ టెస్టు రాయమని అడగడం లేదు. అడిసన్ జబ్బు అరుదు. కానీ థైరాయిడ్ తగ్గిన మనిషి బరువు పెరగాలి, మా చెల్లి తగ్గింది. బీపీ తక్కువ, ఉప్పు మీద యావ, చర్మం నల్లబడటం, వాంతులు, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, వీటిలో ఏ రెండు కనిపించినా ఒక్క క్షణం ఆగండి. ఉదయం 8 గంటల కార్టిసాల్ డెసీలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువొస్తే విషయం దాదాపు తేలిపోయినట్టే. 15 నుంచి 18 దాటితే దాదాపు భయం లేనట్టే. మధ్యలో ఉంటే అడ్రినల్‌ని పురిగొల్పే ఏసీటీహెచ్ హార్మోను 250 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చి చేసే టెస్టు ఉంది. మనిషి పడిపోయే స్థితిలో ఉంటే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకండి, ఆ డాక్టరమ్మ ఆగనట్టే.

ఇంకో ఇద్దరిని కూడా మనసులో పెట్టుకోండి. కాన్పులో రక్తం బాగా పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాని తల్లి ఒకరు. షీహాన్ 1937లో వర్ణించిన జబ్బు ఇది. అక్కడ దెబ్బతిన్నది మెదడు కింద ఉండి థైరాయిడ్‌నీ అడ్రినల్‌నీ నడిపించే పిట్యూటరీ గ్రంథి. ఆమె టీఎస్‌హెచ్ చూడటానికి మామూలుగానే ఉండవచ్చు, రక్తంలోని థైరాక్సిన్ కొలిచే ఫ్రీ టీ4 టెస్టు చూస్తే తప్ప బయటపడదు. పోయిన రక్తం వల్ల ఐరన్ లేదు, పిట్యూటరీ వల్ల కార్టిసాల్ లేదు, థైరాయిడ్ లేదు. ఈ లేఖలో నేను చెప్పిన మూడు లోట్లూ ఆమె ఒక్కదానిలోనే ఉండవచ్చు. రెండో వ్యక్తి, కీళ్ల నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి హఠాత్తుగా మానేసినవారు; వాళ్ల ఒంట్లోనూ కార్టిసాల్ తక్కువై ఉండవచ్చు. అవి స్టెరాయిడ్లని చాలామందికి తెలియదు కూడా. పాత చీటీలు, మాత్రల అట్టలు తెమ్మని అడిగితే తెలుస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. అడ్రినల్ అలసిపోయిందని చెప్పి, లాలాజలం టెస్టులు చేసి, గ్రంథుల పొడులు అమ్మేవాళ్లున్నారు. "అడ్రినల్ ఫటీగ్" అనే జబ్బుకు ఆధారం దొరకలేదని 58 పరిశోధనలను పరిశీలించిన సమీక్ష 2016లో తేల్చింది. మా చెల్లికి వచ్చింది అది కాదు. తనది టెస్టులో తేలే, చికిత్స లేకపోతే ప్రాణం తీసే నిజమైన లోపం. ఇంతకీ ఆ పొడుల దగ్గరికి మా లాంటివాళ్లం ఎందుకు వెళ్తాం? "రిపోర్టు నార్మల్, మీకేం లేదు" అని పంపించినప్పుడు వెళ్తాం. నీరసానికి కారణం వెతికి చూపిస్తే మాకు అక్కడికి వెళ్లాల్సిన అవసరం రాదు. ఇది చదివే రోగులెవరైనా ఉంటే వాళ్లకూ ఒక మాట: దయచేసి మీ అంతట మీరు థైరాయిడ్ మాత్ర ఆపకండి, తగ్గించకండి. ఈ ఉత్తరం మీ డాక్టరుకు చూపించండి.

బయట ఎంతమంది ఎదురుచూస్తుంటారో నాకు తెలుసు, నేనూ ఆ కుర్చీల్లో కూర్చున్నదాన్నే. నేను అడుగుతున్నవి నిమిషంలో అయ్యేవి. డోసు పెంచే ముందు "ఇంకేం మాత్రలు, ఏ టైంకి?" అని అడగండి. మొదటి మాత్ర రాసే ముందు బరువు పెరిగారా తగ్గారా అని అడిగి, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడండి. నోరు తెరవమనండి.

మా చెల్లి ఇప్పుడు రోజుకు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ రెండు పూటలుగా వేసుకుంటోంది, దానితో ఒంట్లో ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా. జ్వరం వస్తే డోసు రెట్టింపు చేయాలని ఇంట్లో పిల్లలకు కూడా నేర్పింది. బ్యాగులో ఎప్పుడూ ఒక ఇంజెక్షనూ, తన జబ్బు పేరు రాసిన కార్డూ ఉంటాయి. నాకు వచ్చే నెల మళ్లీ టెస్టు. ఈసారి చీటీ మీద ప్రతి మాత్ర పక్కన గంటలు కూడా రాసివ్వండి, నేను అడగకముందే.

ఇట్లు,
14 ఏళ్లుగా మీ చీటీలు దాచుకుంటున్న ఒక రోగి